లైట్లు వేశాక ఏం జరగాలి?

సినిమా అయిపోతుంది. తెర మీద పేర్లు పైకి జారుతుంటాయి. ఎవరో లేచి లైట్లు వేస్తారు. నిర్వాహకులు గొంతు సవరించుకుని, "ఎవరైనా మాట్లాడతారా?" అంటారు. ముప్పై నలభై మంది ఉన్న గదిలో ఒక్క చెయ్యీ లేవదు. కాసేపటికి ఒకరిద్దరి చూపులు మెల్లగా పక్కకు తిరిగి, గదిలో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి విద్యార్థి మీద ఆగుతాయి. ఆ విద్యార్థి ఫోన్‌లోకి తలదూర్చేస్తాడు. లేదంటే ఆ అయిదు నిమిషాలూ ఒక జాతి మొత్తానికి వకీలుగా మారి మాట్లాడతాడు. మర్నాటి నివేదికలో మాత్రం "అర్థవంతమైన చర్చ జరిగింది" అనే ఉంటుంది.

జాతి న్యాయం మీద సినిమా వేసి చర్చ పెట్టడం అమెరికా విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాల నాటి అలవాటు. లైబ్రరీలు, హాస్టళ్లు, విద్యార్థి సంఘాలు, సోషియాలజీ విభాగాలు అందరూ చేస్తారు. ఖర్చు తక్కువ. ఉపన్యాసమంటే ముఖం చాటేసేవాళ్లు కూడా సినిమా అంటే వచ్చి కూర్చుంటారు. అయితే దీని అసలు ప్రయోజనం వేరే ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వివక్ష గురించి మాట్లాడాలంటే ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి. మామూలు చర్చలో ఆ పని గదిలో ఉన్న మైనారిటీ విద్యార్థి నెత్తిన పడుతుంది. సినిమా ఆ సాక్ష్యాన్ని తెర మీదికి మారుస్తుంది. గాయం ఉన్నవాళ్లు దాన్ని విప్పి చూపించనక్కర్లేదు. గాయం లేనివాళ్లు పక్క కుర్చీలో మనిషిని కాకుండా తెర మీది మనిషిని ప్రశ్నించవచ్చు, అనుమానించవచ్చు, తర్వాత మనసు మార్చుకోనూ వచ్చు. లైట్లు వేశాక చూపులన్నీ మళ్లీ ఆ ఒక్కరి మీదికే తిరిగాయంటే, రెండు గంటల ప్రదర్శన వల్ల మిగిలిందేమీ లేదు.

తెరకు ఇంత బలం ఉందన్న సంగతి మంచివాళ్ల కంటే ముందు చెడ్డవాళ్లకే తెలిసింది. డి.డబ్ల్యూ. గ్రిఫిత్ తీసిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్'ను 1915 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు వేసి చూపించారు. శ్వేతజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగిన పాత రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను వీరుల దండుగా, నల్లజాతి మగవాళ్లను మృగాలుగా చూపిన సినిమా అది. బోస్టన్‌లో పత్రికా సంపాదకుడు విలియం మన్రో ట్రాటర్ ముందు నిలిచి నిరసనలు నడిపాడు. అప్పటికి ఆరేళ్ల వయసున్న నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఆ సినిమాను ఆపించాలని నగరం తర్వాత నగరంలో ప్రయత్నించింది. ఆ ఏడాది నవంబరులోనే జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద శిలువ కాల్చి క్లాన్‌ను తిరిగి లేపారు. తర్వాత సభ్యుల్ని చేర్చుకోవడానికి ఆ సినిమానే వాడుకున్నారు. 1920లో నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో తీసిన 'వితిన్ అవర్ గేట్స్'ను దానికి జవాబుగా చూసేవాళ్లు చాలామంది. ఆ జవాబు దశాబ్దాల పాటు కంటికి కనబడలేదు. 1970లలో స్పెయిన్‌లో ఒక ప్రతి దొరికితే తప్ప అది ఉందని చూపించడానికే వీల్లేకపోయింది. విషం చిమ్మిన సినిమా మాత్రం ఫిల్మ్ క్లాసుల్లో సాంకేతిక ఘనత పేరిట ఏళ్ల తరబడి ఆడుతూనే వచ్చింది.

కాబట్టి ఏ సినిమా వేయాలి అనే ప్రశ్నకు ముందు, ఏ సినిమా చేతికి అందుతుంది అనే ప్రశ్న ఉంది. పౌరహక్కుల ఉద్యమానికి ఇంతకు మించిన దృశ్య చరిత్ర లేదని చాలామంది అధ్యాపకులు చెప్పే 'ఐస్ ఆన్ ద ప్రైజ్' సంగతే చూడండి. హెన్రీ హాంప్టన్ స్థాపించిన బ్లాక్‌సైడ్ సంస్థ తీసిన 14 భాగాల డాక్యుమెంటరీ ఇది. మొదటి విడత 1987లో, రెండోది 1990లో ప్రసారమయ్యాయి. అందులోని పాత వార్తాదృశ్యాలకు, ఫొటోలకు, పాటలకు హక్కులు కొంతకాలానికే కొన్నారు, అంతకు మించి కొనే డబ్బు లేదు. 1990ల మధ్యకల్లా గడువు తీరింది. ప్రసారం ఆగిపోయింది, కొత్త ప్రతులు అమ్మే వీలు పోయింది. లైబ్రరీల్లో అరిగిపోయిన టేపులే దిక్కయ్యాయి. 2005లో కొందరు కార్యకర్తలు డిజిటల్ ప్రతులు పంచి, ఎక్కడికక్కడ ప్రదర్శనలు పెట్టండని పిలుపిచ్చారు. ఫోర్డ్ ఫౌండేషన్ వంటి దాతల డబ్బుతో హక్కులు మళ్లీ కొని, 2006లో లాభాపేక్ష లేని టీవీ నెట్‌వర్క్ పీబీఎస్‌లో వేశారు. నడివీధిలో దెబ్బలు తిన్నవాళ్ల చరిత్రను చూపించడానికి కూడా ఆ దృశ్యాల యజమానులకు అద్దె కట్టాల్సి రావడం దానికదే మంచి చర్చాంశం. ఏ చర్చా పత్రంలోనూ ఈ ప్రశ్న ఉండదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేసుకుంటే మంచిది. లాభాపేక్ష లేని కాలేజీలో, తరగతి గదిలో, అధ్యాపకులు పాఠంలో భాగంగా చట్టబద్ధమైన ప్రతిని చూపిస్తే అమెరికా కాపీరైట్ చట్టం వేరే అనుమతి అడగదు. అదే సినిమాను హాస్టల్ హాల్లోనో, విద్యార్థి సంఘం సాయంత్రపు సభలోనో వేస్తే అది బహిరంగ ప్రదర్శన అవుతుంది, లైసెన్స్ కావాలి. ఎవరి సొంత స్ట్రీమింగ్ అకౌంటో తెరిచి పెట్టడం కుదరదు. కొన్ని డాక్యుమెంటరీలకు విద్యా ప్రదర్శనల అనుమతిని నిర్మాతలే ముందుగా ఇస్తారు. ఏవా డువర్నే 2016లో తీసిన '13త్' అలాంటిది. 2020 వసంతంలో కాలేజీలు మూతపడ్డప్పుడు నెట్‌ఫ్లిక్స్ దాన్ని యూట్యూబ్‌లో ఉచితంగా ఉంచింది కూడా.

తెర మీది మనిషితో దెబ్బలాట

తెర సాక్ష్యం ఎలా పనిచేస్తుందో చూడాలంటే లీ మున్ వా 1994లో తీసిన 'ద కలర్ ఆఫ్ ఫియర్' కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆఫ్రికన్, ఆసియా, లాటినో, యూరోపియన్ మూలాలున్న ఎనిమిది మంది మగవాళ్లు కాలిఫోర్నియాలో ఒక చోట చేరి జాతి గురించి మాట్లాడుకుంటారు. అంతే సినిమా. కథ లేదు, నేపథ్య వ్యాఖ్యానం లేదు. వాళ్లలో ఒక శ్వేతజాతీయుడు, మిగతావాళ్లు తమ కష్టాల్ని తామే కొనితెచ్చుకుంటున్నారన్నట్టు మాట్లాడుతూ పోతాడు. అతను చెడ్డవాడు కాడు. మర్యాదగా, నిజంగానే అర్థం కాక అడుగుతుంటాడు. అదే అవతలివాళ్లకు భరించరానిదవుతుంది. చివరికి ఒక నల్లజాతి సభ్యుడు పట్టలేక గట్టిగా బద్దలవుతాడు. నువ్వు నా బాధను నమ్మనంత కాలం నిన్ను నేను నమ్మను అన్నది ఆ కోపం సారాంశం. తర్వాత, మరో ప్రశ్న ఎదురైనప్పుడు, ఆ శ్వేతజాతీయుడిలో ఏదో కదులుతుంది.

దీన్ని చూసిన గదిలో జరిగేది గమనించదగ్గది. "నాకు అర్థం కావడం లేదు" అని నేరుగా చెప్పడానికి భయపడే విద్యార్థి, "ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?" అని సులువుగా అడగగలడు. ఆ మాట అతనిది కాదు, తెర మీది వాడిది. "ఆ కోపం నాకు తెలుసు" అని మరో విద్యార్థి తన కథ విప్పకుండానే చెప్పగలడు. ఇద్దరి మధ్యా ఒక మూడో మనిషి ఉన్నాడు. తిట్లన్నీ ఆ మూడో మనిషి కాస్తాడు. తీర్పరి లేని తగాదాలో ఇంత సౌకర్యం దొరకదు.

కానీ ఈ సినిమాకు ఒక పరిమితి ఉంది, దాన్ని వాడేవాళ్లు చాలామంది దాటరు. సమస్య అంతా ఒక మనిషి గుండెలో ఉన్నట్టు, ఆ గుండె కరిగితే కథ సుఖాంతమైనట్టు అనిపిస్తుంది. పైగా ఒక నల్లజాతి మనిషి అంతగా బద్దలైతే తప్ప శ్వేతజాతీయుడికి వినబడదన్న పాఠం కూడా అందులో ఉంది. అది మంచి పాఠం కాదు. ఇది చూపించిన గదులన్నిటా కన్నీళ్లు దండిగా కారుతాయి. కన్నీళ్లు వచ్చాయి కనుక పని అయిందనుకుని అందరూ ఇళ్లకు వెళతారు.

దీనికి విరుగుడు, కన్నీళ్ల అవసరమే లేని మరో రకం సినిమా. కాలిఫోర్నియా న్యూస్‌రీల్ సంస్థ 2003లో విడుదల చేసిన 'రేస్: ద పవర్ ఆఫ్ ఎన్ ఇల్యూజన్' మూడు భాగాలది. మూడో భాగం ఎక్కువగా ఇళ్ల గురించి. 1934లో ఏర్పడ్డ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ గృహరుణాలకు హామీ ఇస్తూ, నల్లజాతి వాళ్లుండే పేటలను అప్పుకు పనికిరానివిగా లెక్కగట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శివార్లలో వరసగా లేచిన కొత్త కాలనీల్లో శ్వేతజాతి కుటుంబాలు ఇళ్లు కొన్నాయి. నల్లజాతి మాజీ సైనికులకు ఆ తలుపులు మూసుకున్నాయి. ఇంటి విలువ పెరిగి, అదే పిల్లల కాలేజీ ఫీజు అయింది. ఇందులో ఎవరి మీదా ఎవరూ అరవరు. ఉన్నదంతా పటాలూ లెక్కలే. "మా తాతకు ఇల్లు ఎప్పుడు వచ్చింది, ఏ పేటలో, ఎవరి అప్పుతో?" అని విద్యార్థి ఇంటికి ఫోన్ చేసి అడగాలనిపిస్తే చాలు, ప్రదర్శన ఫలించినట్టే. నాకు దోషం అంటించకండి అనే విద్యార్థికి కూడా ఈ ప్రశ్న తగులుతుంది, ఎందుకంటే ఇది దోషం గురించి కాదు, ఆస్తి గురించి.

ఆ మూడో భాగంలోనే భగత్ సింగ్ థిండ్ కథ ఉంది. పంజాబ్‌లో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చిన ఆసియావాళ్లకు పౌరసత్వం లేదు, 'శ్వేతజాతి' వ్యక్తికో, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకో మాత్రమే దొరుకుతుంది. 1922 నవంబరులో జపాన్ నుంచి వచ్చిన తకావో ఒజావా కేసులో సుప్రీంకోర్టు, శ్వేతజాతి అంటే అప్పటి శాస్త్రవేత్తల వర్గీకరణలోని 'కాకేసియన్' జాతి అని, అతను కాకేసియన్ కాడని తోసేసింది. ఆ వర్గీకరణ ప్రకారం భారతీయులు కాకేసియన్లే కదా అని థిండ్ వాదించాడు. మూడు నెలలు దాటీ దాటగానే, 1923 ఫిబ్రవరిలో, అదే కోర్టు శాస్త్రం సంగతి పక్కనపెట్టి, మామూలు మనిషి ఎవరిని శ్వేతజాతీయుడనుకుంటాడో వాళ్లే శ్వేతజాతీయులు అంది. అమెరికా క్యాంపస్‌లలో ఇలాంటి ప్రదర్శనలకు వచ్చే భారతీయ విద్యార్థులు సాధారణంగా వెనక వరుస చూసుకుంటారు. ఇది నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య పాత గొడవ, మనం నిన్ననే కదా దిగాం అన్న భావం. థిండ్ పేరు వినబడ్డాక ఆ దూరం నిలవదు. జాతి అన్నది రక్తంలో ఉండేదా, కోర్టు రాసేదా అన్న ప్రశ్న అప్పుడు వాళ్ల ప్రశ్న కూడా అవుతుంది.

తెర నుంచి సొంత క్యాంపస్‌కు దారి ఇలాంటి లెక్కల మీదుగానే పడుతుంది. 1838లో జెసూట్ అనే కాథలిక్ సంఘం ఫాదర్లు తమ ఆధీనంలోని 272 మంది బానిసలను అమ్మి, ఆ డబ్బులో కొంత జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయాన్ని అప్పుల్లోంచి గట్టెక్కించడానికి వాడారు. 2019 ఏప్రిల్‌లో అక్కడి విద్యార్థులు, ఆ బానిసల వారసుల కోసం ప్రతి సెమిస్టర్‌కు 27 డాలర్ల 20 సెంట్ల రుసుము తామే కట్టాలని భారీ మెజారిటీతో ఓటు వేశారు. బానిసత్వం మీద ఏ సినిమా వేసినా, లైట్లు వేశాక "ఈ భవనం ఎవరి డబ్బుతో లేచింది?" అని అడగగలిగిన క్యాంపస్‌లో చర్చ తెర దగ్గర ఆగిపోదు.

ముందు మాట లేకుండా

2021 సెప్టెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక సంగీత అధ్యాపకుడు, షేక్‌స్పియర్ నాటకాన్ని ఇటలీ స్వరకర్త వెర్డీ ఒపెరాగా, అంటే సంగీత నాటకంగా, ఎలా మలిచాడో చెప్పే క్రమంలో, లారెన్స్ ఒలివియర్ ముఖానికి నల్లరంగు పూసుకుని నటించిన 1965 నాటి 'ఒథెల్లో' వేశాడు. ఆ రంగు పూసుకోవడం వెనకున్న అవమానకర చరిత్ర గురించి ముందుగా ఒక్క మాట చెప్పలేదు. విద్యార్థులు మండిపడ్డారు. అధ్యాపకుడు క్షమాపణ చెప్పాడు, ఆ తరగతి బోధన నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత, ఇది బోధనా స్వేచ్ఛ మీద దాడి అని మరో వర్గం లేచింది. రెండు వర్గాలూ ఆ సినిమాను వేయవచ్చా కూడదా అన్న దగ్గరే కొట్టుకున్నాయి. వేయడానికి ముందు పది నిమిషాలు మాట్లాడి ఉంటే అదే దృశ్యం ఆ సెమిస్టర్‌లో మంచి పాఠం అయ్యుండేది.

విడ్డూరం ఏమిటంటే, ఇలాంటి సంభాషణ ఎలా నడపాలో ఆ దేశంలో అందరికంటే ముందు పద్ధతిగా నేర్పినవాళ్లలో అదే విశ్వవిద్యాలయం ఒకటి. క్యాంపస్‌లో జాతి ఉద్రిక్తతలు చెలరేగిన నేపథ్యంలో 1988లో అక్కడ వేర్వేరు వర్గాల విద్యార్థుల మధ్య సంభాషణ నడిపే ఇంటర్‌గ్రూప్ రిలేషన్స్ కార్యక్రమం మొదలైంది. దాని మూలసూత్రాలు ఎక్కడైనా పనికొస్తాయి. చర్చను ఒకరు కాదు, వేర్వేరు సామాజిక నేపథ్యాల నుంచి వచ్చిన ఇద్దరు కలిసి నడుపుతారు. ఇది గెలుపోటముల వాదన కాదు, ఒకరి మాట వెనకున్న అనుభవాన్ని మరొకరు అడిగి తెలుసుకునే సంభాషణ అని మొదటే తేల్చుకుంటారు. ఒక్క సాయంత్రంతో ముగించరు, వారాల తరబడి అదే బృందం కలుస్తుంది.

ఒక్క సాయంత్రమే ఉన్నవాళ్లు కూడా ఇందులోంచి కొంత తీసుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద పొరపాటు సమయం దగ్గర జరుగుతుంది. '13త్' నిడివి వంద నిమిషాలు. రెండు గంటలకు గది తీసుకుంటే చర్చకు మిగిలేది ఇరవై నిమిషాలు, అందులో పది నిమిషాలు కుర్చీల చప్పుడు. అలాంటప్పుడు ముప్పై నిమిషాల భాగం వేసి, గంట మాట్లాడుకోవడం మేలు. సినిమా ప్రేమికులకు ఇది రుచించదు. చర్చ కావాలంటే మాత్రం సినిమాను కత్తిరించక తప్పదు. లైట్లు వేశాక ముందుగా అందరి ముందూ మాట్లాడించకూడదు. మూడు నాలుగు నిమిషాలు ఎవరికి వాళ్లు కాగితం మీద రాసుకోవాలి, తర్వాత ముగ్గురేసి మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే గది మొత్తం. మొదటి ప్రశ్న "మీకేమనిపించింది?" కాకూడదు. ఆ ప్రశ్న మళ్లీ సాక్ష్యాన్ని గదిలోని మనుషుల మీదికే తోసేస్తుంది. "ఏ దృశ్యం దగ్గర నమ్మకం కుదరలేదు?" "ఆ అధికారి స్థానంలో ఎవరున్నా అలాగే చేసేవాడా, నిబంధనే అలా ఉందా?" లాంటి ప్రశ్నలు తెర మీద నిలబడతాయి. నల్లజాతి వాళ్లను చంపుతున్న పోలీసు వీడియోలు ఉన్న సినిమా అయితే ఆ సంగతి పోస్టర్ మీదే ఉండాలి, తలుపు దగ్గర కాదు.

రానివాళ్ల సంగతి ఒకటుంది. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు ఇప్పటికే ఒప్పుకున్నవాళ్లు. బలవంతంగా కూర్చోబెడితే మొహం ముడుచుకుంటారు. ఉద్యోగ సంస్థల్లో తప్పనిసరి శిక్షణలు బెడిసికొట్టడం మీద సామాజిక శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ చేసిన పరిశోధన బాగా తెలిసినదే. మధ్యేమార్గం, ప్రదర్శనను ఏదో ఒక కోర్సులో అంతర్భాగం చేయడం. చరిత్ర, న్యాయశాస్త్రం, ఆర్కిటెక్చర్, ప్రజారోగ్యం, ఏదైనా కావచ్చు. ఇళ్ల రుణాల సినిమాను ఆర్థికశాస్త్రం విద్యార్థులకు వేస్తే వచ్చే చర్చ, వైవిధ్య వారోత్సవంలో వేస్తే రాదు.

ఇప్పుడు కోర్సు అన్న మాటకు చట్టం రీత్యా కూడా బరువు పెరిగింది. ఫ్లోరిడాలో జాతి గురించిన కొన్ని భావనల బోధనను అడ్డుకుంటూ 2022లో తెచ్చిన చట్టాన్ని విశ్వవిద్యాలయాలకు వర్తించకుండా ఆ నవంబరులోనే ఒక ఫెడరల్ జడ్జి ఆపేశాడు. 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన టెక్సస్ చట్టం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలను, అంటే అన్ని వర్గాల విద్యార్థులకూ చోటు కల్పించేందుకు పెట్టిన విభాగాలను, మూయించింది, అయితే తరగతి బోధనను, గుర్తింపు పొందిన విద్యార్థి సంఘాల కార్యక్రమాలను మినహాయించింది. దాని ఫలితం ఊహించవచ్చు. ఒకప్పుడు కార్యాలయం డబ్బిచ్చి, హాలిచ్చి నడిపిన ప్రదర్శనకు ఇప్పుడు పూచీ అధ్యాపకులదో, పందొమ్మిదేళ్ల విద్యార్థులదో అవుతుంది. కాపీరైట్ లైసెన్స్ డబ్బులు కూడా వాళ్లే వెతుక్కోవాలి.

విద్యార్థులే అన్నీ తలకెత్తుకుంటే ఎంత దూరం వెళుతుందో దక్షిణాఫ్రికాలో ఒకసారి కనిపించింది. స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాష పెత్తనం మీద పోరాడుతున్న ఓపెన్ స్టెలెన్‌బాష్ బృందం 2015 ఆగస్టులో 'లుయిస్టర్' అనే అరగంట పైచిలుకు డాక్యుమెంటరీని యూట్యూబ్‌లో పెట్టింది. ఆ మాటకు ఆఫ్రికాన్స్‌లో "విను" అని అర్థం. 32 మంది విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు కెమెరా ముందు కూర్చుని, పాఠం తమకు రాని భాషలో సాగుతుంటే బిక్కమొహం వేసుకుని కూర్చోవడం గురించి, ఊళ్లో ఎదురైన అవమానాల గురించి చెబుతారు. ఇక్కడ సాక్ష్యం చెప్పింది పరాయివాళ్లు కాదు, ఆ క్యాంపస్ పిల్లలే. కానీ ఒక్కరు కాదు, ముప్పై రెండు మంది. అడిగిన ప్రతి గదిలోనూ కాదు, ఒకే ఒక్కసారి, తాము ఎంచుకున్న మాటల్లో. ఆ తర్వాత ఎవరైనా ఏం జరిగిందని అడిగితే లింకు పంపితే సరిపోయేది. కొద్ది రోజుల్లోనే పార్లమెంటు కమిటీ విశ్వవిద్యాలయ యాజమాన్యాన్ని పిలిపించి సంజాయిషీ అడిగింది. మరుసటి ఏడాది ఇంగ్లిష్‌కు పెద్దపీట వేస్తూ కొత్త భాషా విధానం వచ్చింది. ఆఫ్రికాన్స్ పక్షం వాళ్లు కోర్టుకెక్కారు. 2019 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ విధానాన్ని సమర్థించింది.